ఇంటి సిమ్ము, పొరుగు సిమ్ము

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. బయటి దేశం పోతున్నాం, చేతిలో ఉన్నది ప్రీపెయిడ్ సిమ్ము, ఏం చెయ్యాలి అని. కొత్తగా చదివేవాళ్లకు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1979లో మద్రాసు ట్రంకు ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి 2018లో రిటైరయ్యాను. ఇప్పుడు మధ్యాహ్నాలు పెరంబూరు పేపర్ మిల్స్ రోడ్డులో మా తమ్ముడి కొడుకు సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుంటాను. కూర్చోమని వాడు అడగలేదు. ఇక్కడ చెప్పేవన్నీ ఆ గల్లాపెట్టె పక్కన విన్నవీ, నా నెత్తి మీదికి నేనే తెచ్చుకున్నవీ.

ప్రశ్న: సింగపూరులో మా అమ్మాయి కాన్పుకి వెళ్తున్నాను. రెండు నెలలు, అవసరమైతే ఇంకొన్నాళ్లు. నేను వాడేది బటన్ల ఫోను. ఇంట్లో ఒక పాత టచ్ ఫోను కూడా ఉంది. అల్లుడుగారు "ఇక్కడ సిమ్ కొనిస్తాను, మీది తీసి పెట్టెలో పెట్టేయండి అత్తయ్యా" అంటున్నారు. అలా చేయొచ్చా? (ఒక పాఠకురాలు, విల్లివాక్కం)

జవాబు: అల్లుడుగారి మంచితనానికి ఒక దణ్ణం. మాట మాత్రం వినకండి. పెట్టెలో పెట్టిన సిమ్ము కథ నాకూ ఒకటుంది.

2019 డిసెంబరులో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను, ఆరు నెలల్లో వచ్చేద్దామని. బయల్దేరే ముందు 28 రోజుల ప్యాకు వేయించుకున్నాను. టెలిఫోన్ల ఉద్యోగంలో ముప్పై తొమ్మిదేళ్లు చేసినదాని తెలివి అది! అక్కడ మా వాడు ఇచ్చిన సిమ్ము వేసుకుని, నాది కుంకుమ భరిణెలో దాచాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మళ్లీ చెన్నైలో కాలు పెట్టింది 2020 నవంబరులో. సిమ్ము వేస్తే సిగ్నల్ లేదు. కొట్లోంచి నా నంబరుకి నేనే చేస్తే ఎవరో ఎత్తారు. తిరుత్తణి పక్క కుర్రాడు, మన తెలుగే. విషయం చెప్పగానే, "ఈ నంబరు మీదేనామ్మా? మీ పెన్షను నెలనెలా సరిగ్గానే పడతా ఉంది, మీరేం దిగులు పడబాకండి" అన్నాడు.

నా పెన్షను పడిన కబురు నాకంటే ముందు వాడికి చేరుతోంది. పిల్లాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. నవంబరంటే మా పెన్షనర్లు బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకునే నెల, దానికీ ఓటీపీ కావాలి. బ్యాంకులో నంబరు మార్పించి, ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి, గ్యాస్ బుకింగు దాకా అన్నీ సరిచేసుకునేసరికి మూడు వారాలు పట్టింది, అదీ మాస్కు కట్టుకుని. సిమ్ము కంపెనీ కౌంటరులో అమ్మాయి "రూల్ మేడమ్" అంది. కంపెనీ పేరు ఎందుకులెండి. అమ్మాయి చెప్పింది నిజమే కూడా.

ఆ రూలేమిటంటే, ప్రీపెయిడ్ నంబరు మీద వరసగా 90 రోజులు ఒక కాలూ లేక, ఒక మెసేజీ పంపక, డేటా వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. బాలెన్సులో 20 రూపాయలుంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఆగుతారు. ఇది ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2013లో పెట్టిన కట్టడి. అయితే మీ కష్టం ఈ 90 రోజుల దాకా కూడా ఆగదు. ప్యాకు గడువు దాటిన కొద్ది రోజులకే కాల్సూ మెసేజీలూ ఒక్కొక్కటే ఆగిపోతాయి. నంబరు మీదే, ఓటీపీ మాత్రం రాదు.

అందుకని వెళ్లే ముందు ఏడాది ప్యాకు వేయించుకోండి. ఏడాది అనగానే గుండె పట్టుకోనక్కర్లేదు. డేటా అక్కర్లేనివాళ్ల కోసం మాటలూ మెసేజీలూ మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చంది. కొట్లో అడిగితే ముందు డేటా ఉన్నదే చూపిస్తారు. మా వాడూ అంతే. "డేటా లేనిది ఇవ్వు నాయనా" అని గట్టిగా అడగాలి.

ఇక ఫోను. మీ బటన్ల ఫోను 2జీది అయితే సింగపూరులో అది అలారం పెట్టుకోవటానికే పనికొస్తుంది. అక్కడ 2017లోనే 2జీ తీసేశారు, 2024లో 3జీ కూడా పోయింది. ఏ సిమ్ము వేసినా సిగ్నల్ గీతలు రావు. ఆ టచ్ ఫోను బయటికి తీయండి. 4జీ మీద మాట్లాడే సదుపాయం, అదే వోల్టీ, ఉందో లేదో చూపించుకోండి.

అందులో రెండు సిమ్ములు పడతాయా అన్నది తర్వాత చూడాలి. పాత ఫోన్లు చాలావాటిల్లో రెండో గదిలో సిమ్మయినా పెట్టాలి, మెమరీ కార్డయినా పెట్టాలి, రెండూ పట్టవు. మీ పాత ఫోటోలున్న కార్డు అందులో ఉంటే ముందే వేరేచోటికి ఎక్కించుకోండి. ట్రే తీసే పిన్ను ఇంట్లో ఎప్పుడూ కనపడదు కదా, చెవి దుద్దు మొన పనిచేస్తుంది. కానీ ఫోను అంచున రెండు చిన్న రంధ్రాలుంటాయి చూడండి, ట్రే గీత పక్కనున్నదే ట్రేది. రెండోది మైకు. నిరుడు ఒకావిడ మైకులో పిన్నీసు గుచ్చి, "ఎవరికీ నా మాట వినపడటం లేదు" అని మా కొట్టుకు వచ్చింది. ఆ ఫోను బాగవలేదు.

మొదటి గదిలో మన సిమ్ము, రెండో గదిలో సింగపూరు సిమ్ము. ఇక్కడ 'రోమింగు' అనే మాట రెండుచోట్ల వస్తుంది, జనం పప్పులో కాలేసేది అక్కడే. ఒకటి కంపెనీ దగ్గర ఆన్ చేయించుకునే అంతర్జాతీయ రోమింగు. ఇది ఇక్కడే, చెన్నైలో ఉండగానే, కంపెనీ యాప్‌లోనో కొట్లోనో చేయించుకోవాలి. ఇది లేకపోతే మన సిమ్ము అక్కడి గాలి పీల్చుకోదు. రెండోది ఫోను సెట్టింగుల్లో ఉండే 'డేటా రోమింగు' మీట. మన సిమ్ముకు దాన్ని ఆపేసే ఉంచాలి. మొదటిది ఆన్, రెండోది ఆఫ్. కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టు కవర్లో పెట్టుకోండి. మొబైల్ డేటా సింగపూరు సిమ్ముకి ఇవ్వండి.

అలా ఉంచితే ఓటీపీలు వస్తాయి. రోమింగులో వచ్చే మెసేజీలకు మన కంపెనీలు మామూలుగా డబ్బు తీసుకోవు. కాల్స్ సంగతి వేరు. రోమింగు ప్యాకు లేకుండా అక్కడ ఎత్తితే, చేసినవాళ్లకే కాదు మీకూ పడుతుంది, అదీ నిమిషం లెక్కన. మోగితే మోగనివ్వండి, ఎత్తకపోతే పైసా పోదు. చీటీ పాట ఆవిడకీ పాలవాడికీ వాట్సాప్‌లో చెయ్యమని ముందే చెప్పి వెళ్లండి. వాట్సాప్ మీ పాత నంబరు మీదే నడుస్తుంది. కొత్త సిమ్ము వేశాక "నంబరు మారిందా?" అని అడిగితే లేదనే చెప్పండి.

చాంగీ విమానాశ్రయంలో దిగగానే పర్యాటకుల సిమ్ములు అమ్ముతారు. వాటి గడువు రోజుల్లో ఉంటుంది, రెండు నెలలకు చాలదు. మళ్లీ మళ్లీ డబ్బు వేసుకునే మామూలు ప్రీపెయిడ్ తీసుకోండి. సెవెన్ ఎలెవెన్ కొట్లలో ఉంటాయి, సెరంగూన్ రోడ్డులో అయితే తమిళంలోనే బేరమాడొచ్చు. పాస్‌పోర్టు చూపించాలి. అక్కడ ఒకరి పేరు మీద ప్రీపెయిడ్ సిమ్ములు మూడుకు మించకూడదు, 2014 నుంచి ఇదే లెక్క. కాబట్టి అల్లుడుగారి పేరు మీద కాక మీ పాస్‌పోర్టు మీదే తీసుకోండి.

ఇల్లు వుడ్‌ల్యాండ్స్ వైపా? అయితే ఇంకోటి. నీళ్లకు అవతల కిలోమీటరు దూరంలో మలేషియా, జొహోర్ బారు. ఫోను ఒక్కోసారి ఆ పక్క సిగ్నల్ పట్టుకుంటుంది. వంటింట్లో సింగపూరు, బట్టలారేసేచోట మలేషియా! నెట్‌వర్కు ఎంపికలో 'ఆటోమేటిక్' తీసేసి మీ సింగపూరు సిమ్ము కంపెనీ పేరును చేత్తో ఎంచుకోండి, ఆ బెడద వదులుతుంది.

ప్రశ్న: నలుగురం స్నేహితులం, ఐదు రోజులు బ్యాంకాక్. ఒక్కరు సిమ్ కొని మిగతావాళ్లకు హాట్‌స్పాట్ ఇస్తే చాలదా? (పాఠకుడు, వేళచ్చేరి)

జవాబు: నలుగురూ ఐదు రోజులూ చేతులు పట్టుకునే తిరుగుతారా నాయనా? చతుచక్ సంతలో వేల కొట్లు. సిమ్మున్నవాడు చొక్కాలు చూస్తూ ఒక సందులోకి తిరిగాడంటే మిగతా ముగ్గురికీ దిక్కుండదు. పైగా మధ్యాహ్నానికల్లా వాడి బ్యాటరీ చచ్చిపోతుంది.

ఐదారు రోజులకైతే నా ఓటు మన కంపెనీ రోమింగు ప్యాకుకే. ధర కాస్త ఎక్కువనిపించినా, సిమ్ము మార్చే పని లేదు, పాస్‌పోర్టు పట్టుకుని వరసలో నిలబడే పని లేదు. రెండు వారాలు దాటితే లోకల్ సిమ్ము. మధ్యలోదైతే మీ ఓపిక. ప్యాకు కొనేటప్పుడు రెండు చూడండి: గడువు కొన్న గంట నుంచా, అక్కడ దిగిన గంట నుంచా? మీ విమానం దారిలో కొలంబోలోనో కౌలాలంపూరులోనో ఆగితే ఆ దేశం ప్యాకులో ఉందా? లేకపోతే అక్కడ విమానాశ్రయం వైఫైతో కాలక్షేపం చెయ్యండి.

ప్రశ్న: మా వాడు ఎం.ఎస్. చదవటానికి అమెరికా వెళ్తున్నాడు. ఇక్కడే అమెరికా సిమ్ అమ్ముతున్నారు, కొనాలా? అక్కడ దిగాక ఐఫోన్ కొంటానంటున్నాడు. (ఒక తండ్రి, అన్నానగర్)

జవాబు: దిగిన పూట మీకు ఫోను చెయ్యటానికి, క్యాబ్ పిలవటానికి ఏదో ఒకటి ఉంటే మంచిదే. ఈసిమ్, అంటే ముక్క లేకుండా ఫోనులోకే ఎక్కించుకునే సిమ్ము, అయితే ఇంకా సుఖం. నెలల తరబడి ప్లాన్ మాత్రం ఇక్కడ కట్టకండి. అక్కడ స్నేహితులు నలుగురైదుగురు కలిసి ఒక ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటారు, అదే చవక.

ఇక్కడి ఫోను తీసుకెళ్తుంటే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, రాసుకోండి. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్కులు మూసేశారు. అక్కడి ఏటీ అండ్ టీ కంపెనీ వాళ్లయితే తాము ఒప్పుకున్న మోడళ్ల జాబితా పెట్టుకున్నారు. మన దగ్గర బ్రహ్మాండంగా పనిచేసే ఫోను అక్కడ ఆ జాబితాలో లేకపోతే కాల్స్ వెళ్లవు. ఆ నంబరు వాళ్ల సైటులో వేసి చూసుకుని మరీ కంపెనీని ఎంచుకోమనండి.

ఐఫోన్ సంగతికొస్తే, అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచి సిమ్ము ట్రేయే లేదు. మీ వాడు మన సిమ్ము ముక్కను చేత్తో పట్టుకుని నిలబడితే దూర్చే చోటుండదు. అందుకని చెన్నైలో ఉండగానే, ఈసిమ్‌కు వీలున్న ఫోను చేతిలో ఉంటే, మన నంబరును ఈసిమ్‌గా మార్పించండి. మార్చేటప్పుడు కంపెనీ ఆ పాత సిమ్ముకే మెసేజీ పంపి 'మీరేనా?' అని అడుగుతుంది. సిగ్నల్ బాగా ఉన్న చోట, తీరిగ్గా చెయ్యాల్సిన పని అది. విమానం ఎక్కే రాత్రి పెట్టుకోవద్దు. ఈ నెలలో అలా కొట్టుకు పరిగెత్తుకొచ్చినవాళ్లు ఇద్దరు. ఒకాయన క్యాబ్ మీటరు తిరుగుతుండగానే వచ్చాడు.

ఇంకోటి, మన నంబరును ఐఫోన్లో వెయ్యగానే ఐమెసేజ్, అంటే ఐఫోన్ల సొంత మెసేజీల సదుపాయం, ఆన్ అవటానికి ఫోను తనంతట తనే బయటి దేశానికి ఒక మెసేజీ పంపుతుంది. దానికి బాలెన్సు కోత పడవచ్చు. 'నేనేం చెయ్యలేదు, డబ్బెలా పోయింది' అని మీ వాడు ఫోను చేస్తే ఇదీ సంగతి.

మీ వాడు అక్కడ స్థిరపడి ఇక్కడి ఖాతాను ఎన్‌ఆర్‌ఓ, అంటే బయటి దేశంలో ఉండేవాళ్ల ఖాతాగా మార్చుకుంటే ఆ అమెరికా నంబరు మీదే యూపీఐ పెట్టుకోవచ్చు. 2023లో పది దేశాల నంబర్లకు ఇది మొదలైంది, అమెరికా, సింగపూరు, యూఏఈ, బ్రిటన్ అందులో ఉన్నాయి. మీ బ్యాంకు ఇస్తోందో లేదో అడగాలి. అప్పటిదాకా మన సిమ్ము బతికుండాల్సిందే.

ప్రశ్న: దుబాయిలో దిగినప్పటి నుంచీ మా ఆయన వాట్సాప్ మెసేజీలు వస్తున్నాయి, కాల్ చేస్తే కలవటం లేదు. ఫోను పాడైందా? (షావుకారుపేట)

జవాబు: ఫోనుకేం కాలేదమ్మా. యూఏఈలో వాట్సాప్ మాటలూ వీడియోలూ అక్కడి నెట్‌వర్కు మీద కలవనివ్వరు, రాతలు మాత్రం పోతాయి. అనుమతి ఉన్న యాప్‌లు వేరే ఉన్నాయి, బోటిమ్ లాంటివి. మీరూ అది వేసుకుంటే మాట్లాడుకోవచ్చు. ఆయన మన సిమ్ము రోమింగు డేటా వాడితే వాట్సాప్ కూడా చాలాసార్లు కలుస్తుంది, ఎందుకంటే ఆ డేటా మన దేశం చుట్టి వస్తుంది. పక్క గదివాళ్లు వీపీఎన్, అంటే ఫోను ఏ దేశంలో ఉందో దాచే యాప్, పెట్టుకోమంటారు. దాంతో నిషేధాన్ని దాటటం అక్కడ చట్టంతో చెలగాటం. ఉద్యోగానికి పోయినవాళ్లకు ఆ తద్దినం వద్దు.

ప్రశ్న: యూరప్ టూర్, పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. మూడు సిమ్ములు కొనాలా? (తాంబరం)

జవాబు: ఒకటి చాలు, స్విట్జర్లాండే పేచీ. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఒకచోట కొన్న సిమ్ము మిగతా చోట్ల కూడా అదే ధరకు నడవాలని 2017 జూన్ నుంచి నియమం ఉంది. పారిస్‌లో కొన్నది రోములో పనిచేస్తుంది. మధ్యలో ఉన్న స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. బ్రిటన్ కూడా బయటికొచ్చేసింది. కొనేటప్పుడే 'స్విట్జర్లాండ్ కలిపిందా?' అని అడగండి. లేకపోతే మంచు కొండ మీద నుంచి వీడియో కాల్ చేద్దామనుకున్నప్పుడే డేటా ఆగిపోతుంది.

ప్రశ్న: బయటి దేశం కాదు, అమర్‌నాథ్ యాత్ర. అక్కడ కూడా సిమ్ గొడవ ఉందంటున్నారు, నిజమా? (అంబత్తూరు)

జవాబు: నిజమే. జమ్మూ కాశ్మీర్, లడాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. మీ గుంపులో ఇద్దరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి, లేకపోతే అక్కడ దిగాక లోకల్ సిమ్ము తీసుకోండి. సింగపూరులో మోగే ఫోను శ్రీనగర్‌లో మోగదు, చిత్రం కాదూ!

ప్రశ్న: చెన్నై నుంచి ఓడ ప్రయాణం వెళ్తున్నాం. శ్రీలంక ప్యాకు వేయించుకుంటే సరిపోతుందా? (తిరువొత్తియూరు)

జవాబు: రేవులో సరిపోతుంది. నడిసముద్రంలో ఓడకు సొంత నెట్‌వర్కు ఉంటుంది, అది ఉపగ్రహం మీద నడిచేది. దేశాల ప్యాకులు దానికి వర్తించవు, ధర మంట. ఒడ్డు వదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేసి, కావాలంటే ఓడ వైఫై కొనుక్కోండి.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. మలేషియాలో మా అన్నయ్య దగ్గరికి ఒంటరిగా వెళ్తోంది. అక్కడి సిమ్ వేసి ఇస్తాడు. ఆవిడ మాకు ఫోను చేస్తే కలవదేమోనని భయంగా ఉంది. (టీనగర్)

జవాబు: కలవకపోవటానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇక్కడ పది అంకెలు కొట్టే అలవాటుతో అక్కడా అవే పది కొడతారు. అక్కడి సిమ్ముకు ఆ పది అంకెలు ఏ దేశానివో ఏం తెలుసు? అమెరికాలో ఇంకా తమాషా, వాళ్లవీ పది అంకెలే. మన చెన్నై నంబర్లు బోలెడు 984తో మొదలవుతాయి కదా, అక్కడ 984 నార్త్ కరోలినా కోడు.

బయల్దేరే ముందు ఒక సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని ఫోనులో ఉన్న పేర్లన్నీ తెరిచి ప్రతి నంబరుకీ ముందు +91 చేర్చండి. ఇక్కడున్నప్పుడూ అలాగే కలుస్తుంది, మళ్లీ మార్చనక్కర్లేదు. ల్యాండ్‌లైన్ అయితే +91 తర్వాత సున్నా తీసేసి 44, ఆ తర్వాత ఎనిమిది అంకెలు. నాలుగు ముఖ్యమైన నంబర్లు పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి ఇవ్వండి, ఫోను పోయినా పనికొస్తుంది.

ఆ ప్లస్ గుర్తు ఎక్కడుందో చాలామందికి తెలియదు. నా కాలంలో అవతలివాళ్లు ఊరి పేరు చెబితే చాలు, కోడ్లు కలిపే పని మాది. ఇప్పుడు అమ్మే కలుపుకోవాలి. నంబర్ల పలక తెరిచి సున్నా మీద వేలు ఆనించి అలాగే పట్టుకోమనండి. ఒకటి, రెండు లెక్కపెట్టేలోగా సున్నా ప్లస్‌గా మారుతుంది. అప్పుడు వేలు తీసి 91 కొట్టమనండి. ఇప్పుడే, ఈ పూటే, మీ ముందే ఒకసారి కొట్టించండి.